మబ్బుగుండం

మిరపకాయ కోతలకు రాళ్లవాగు గూడెం నుంచి వచ్చిన కోయ ఆడవాళ్లలో జంపక్క ఒకతి. ఒకనాటి మధ్యాహ్నం హైమ చేలోకి మజ్జిగ తీసుకెళ్తే, అందరూ తాగి మళ్లీ సాళ్లలోకి దిగినా జంపక్క మాత్రం చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది.

"అమ్మా, నీ పెనిమిటి తప్పిపోయింది మా దిక్కే గదా," అంది మెల్లగా. "నాడు వచ్చిన వానే వాన, మళ్ల చినుకు లేదు. మబ్బుగుండంల నీళ్లు గిట్ల ఎన్నడూ తగ్గలే. ఎండలు ముదిరితే అంచుల పొంటి అడుగు తేలుతదని మా ఆయన అంటుండు. చూసుకుంటే చూసుకోరాదు?"

హైమ ఆమె చేతిలోంచి చెంబు తీసుకుంది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని గట్టు మీద నడిచి వెళ్లిపోయింది.

పోయిన శ్రావణంలో వెంకటప్పయ్య ముగ్గురు స్నేహితులతో కలిసి జీపులో జలపాతం చూడటానికి వెళ్లాడు. కొత్తగూడెం దాటి, కిన్నెరసానికి అవతల, రెండు గుట్టల నడుమ ఇరుకులో ఒక కొండవాగు పైనుంచి దూకుతుంది. అది పడే మడుగే మబ్బుగుండం. రెండు పక్కలా నిలువు బండలు కావడంతో మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ మసక మసగ్గానే ఉంటుంది. నలుగురూ గుండం దగ్గర ఉండగా పైన ఎక్కడో కురిసిన వానకు వాగు ఒక్కసారిగా పొంగింది. ముగ్గురు బండలు పట్టుకుని పైకి పాకారు. తిరిగి చూసేసరికి వెంకటప్పయ్య నిలబడిన చోట ఎర్రటి నీళ్లు తప్ప ఏమీ లేవు. అతను కొట్టుకుపోతుంటే మాత్రం ఎవరూ చూడలేదు.

ఆ చూడకపోవడమే హైమ మామగారు చెంచురామయ్యకు ఆధారమైంది. ఆయన నలభై ఏళ్ల కిందట గుడివాడ వైపు నుంచి వచ్చి కారేపల్లి దగ్గర చేలు చేసుకుని నిలదొక్కుకున్న మనిషి. అంత తేలిగ్గా దేన్నీ వదిలిపెట్టే రకం కాదు. కొడుకు ఎక్కడో ఒడ్డుకు చేరే ఉంటాడన్నాడు. తలకు దెబ్బ తగిలి మతి తప్పి తిరుగుతున్నాడన్నాడు. జగదల్‌పూర్ దాకా మనుషుల్ని పంపాడు. సోది చెప్పే ఆమె ఉత్తరాన ఉన్నాడంటే ఉత్తరానికీ, తూర్పున ఉన్నాడంటే తూర్పుకీ వెళ్లొచ్చాడు. అత్తగారు పద్మావతమ్మ అయితే కొడుకు బట్టలు వారం వారం ఉతికించి ఇస్త్రీ చేయించేది.

మధ్యలో హైమ. ఆమెను పేరంటాలకు పిలవాలో వద్దో ఊళ్లో ఎవరికీ తెలిసేది కాదు. పిలిచినవాళ్లు బొట్టు పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగేవాళ్లు. నేలకొండపల్లి నుంచి అన్న వచ్చి కొన్నాళ్లు తీసుకుపోతానంటే, "వాడు గుమ్మంలోకి వచ్చేసరికి ఇల్లాలు ఇంట్లో లేకపోతే ఎలాగయ్యా?" అని మామగారు పంపలేదు.

మొదట్లో రోడ్డు మీద మోటారుసైకిలు చప్పుడైతే హైమ పొయ్యి మీద కూర మాడుతున్నా వీధిలోకి పరిగెత్తేది. తర్వాత్తర్వాత పరిగెత్తడం మానేసింది. ఇంకా కొన్నాళ్లకు, అతను చనిపోయాడని ఎవరైనా ఖాయంగా చెప్తే బాగుండునని అనిపించడం మొదలైంది. మూడేళ్లు కాపురం చేసిన మనిషి. ఆమెకు నచ్చినవాడు, నవ్వించేవాడు. అలాంటి మనిషి చావును కోరుకుంటున్నానేమిటని తనమీద తనకే అసహ్యం వేసేది. ఆ కోరిక మాత్రం పోలేదు.

వైశాఖంలో, ఎండలు నిప్పులు చెరుగుతున్నప్పుడు, ఆమె మామగారితో మబ్బుగుండం మాట ఎత్తింది.

"అక్కడేముంటుందమ్మా? అప్పుడే పోలీసులు గాలించారుగా," అన్నాడు చెంచురామయ్య.

"అప్పుడు నీళ్లు నిండుగ ఉన్నయి మావయ్యా. ఇప్పుడు అడుగు తేలిందంట. నేను పోయి చూసొస్త."

"ఒక్కదానివీ అడవిలోకా?"

"జంపక్క, వాళ్లాయన తోడు వస్తమన్నరు."

ఆయన చాలాసేపు భుజం మీది కండువా అంచు నలుపుతూ కూర్చున్నాడు. "నేనూ వస్తాను," అన్నాడు చివరికి. "చూద్దాం పద. అక్కడేం లేదని నీకూ తెలిసిపోతే మనసు కుదుటపడుతుంది."

రాళ్లవాగు గూడెం చేరేసరికి తెల్లగా తెల్లవారింది. గూడెంలో జనం అప్పటికే బీడీల తునికాకు కోతకు వెళ్లిపోయారు. జంపక్క భర్త భీమయ్య వాకిట్లో నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, ఎడమచేతి వేళ్లు రెండు సరిగా మడతపడవు. చెంచురామయ్య అతన్ని చూసి చూపు తిప్పుకున్నాడు. అది హైమ గమనించింది కానీ ఎందుకో అర్థం కాలేదు.

వాగు ఎండిపోయి ఉంది. దాని రాళ్ల మీదుగానే నడక. ముందు భీమయ్య, చేతిలో గొడ్డలి, భుజాన వెదురు కర్ర. వెనక చెంచురామయ్య. ఆ వెనక ఆడవాళ్లిద్దరూ. టేకు చెట్లు ఆకు రాల్చి కట్టెల్లా నిలబడి ఉన్నాయి. ఎక్కడా పక్షి అరుపు కూడా లేదు. పొద్దెక్కేకొద్దీ రాళ్లు కాలి, చెప్పుల్లోంచి అరికాళ్లకు సెగ తగిలింది. ఒకచోట నీడ దొరికితే ఆగి నీళ్లు తాగారు. చెంచురామయ్య కొంచెం దూరంగా కూర్చుని ఆయాసపడుతున్నాడు.

"మీ ఆయన చేతికి ఏమైంది జంపక్కా?" అని అడిగింది హైమ.

జంపక్క భర్త వైపు చూసింది. "ఎందుకులే అమ్మా."

"చెప్పు."

"పోలీసోళ్లు కొట్టిండ్రు. నీ పెనిమిటి మెడల గొలుసున్నదంట. దాని కోసం మా గూడెపోళ్లే ఏదో చేసిండ్రని ఎవరో రాసిచ్చిండ్రంట. ఈయన్ని తీసుకపోయి ఠాణాల పెట్టిండ్రు. కొత్తగూడెం దవాఖానాల కట్టు కట్టించుకొని ఇంటికొచ్చిండు."

ఎవరు రాసిచ్చారో హైమకు అడగకుండానే తెలిసింది. మామగారు వింటున్నాడు. ఆయన వీపు బిగుసుకుపోయింది కానీ ఇటు తిరగలేదు.

"మరి మాకు తోడెందుకొచ్చినవ్?" అంది హైమ భీమయ్యతో.

భీమయ్య గొడ్డలి తీసుకుని లేచాడు. "నీ కోసం రాలేదమ్మా. ఆ మనిషి గుండంల దొరికితే మా మీద పడ్డ మాట పోతది. ఇప్పటికీ ఎవని మేక పోయినా జీపు మా గూడెమే వస్తది. అందుకొచ్చిన."

అతను ముందుకు నడిచాడు. మిగతా ముగ్గురూ వెనక లేచారు.

గుట్టలు రెండు పక్కల నుంచీ దగ్గరికి జరిగాయి. వాగు దారి సన్నబడి, మనిషి ఎత్తు బండలు అడ్డంపడ్డాయి. కొన్నిటిని ఎక్కారు, కొన్నిటి కింద నుంచి పాకారు. ఒక బండ మీద చెంచురామయ్య కాలు జారి మోకాలు చీరుకుపోయింది. హైమ చెయ్యి చాచింది. ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ ఇంట్లో మామా కోడళ్లు ఎదురెదురుగా కూర్చోవడం కూడా లేదు. తర్వాత ఆ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు గుండం దాకా వదల్లేదు. ఆయన అరచెయ్యి చెమటతో జిగురుగా, చల్లగా ఉంది. ఈయన భయపడుతున్నాడని హైమకు అప్పుడు అర్థమైంది.

గట్టు మీద తేనెపట్లు నల్లగా వేలాడుతున్నచోట భీమయ్య వాళ్లను గొంతు ఎత్తొద్దని సైగ చేశాడు. అక్కడ మలుపు తిరిగితే ఒక్కసారిగా ఎండ పోయింది. నేలమాళిగలోకి దిగినట్టు చల్లగా, మసగ్గా ఉంది. ఎదురుగా నిలువు బండ. దాని మీద నుంచి జలపాతమంటూ ఏమీ లేదు. పాచి పట్టిన గీత వెంబడి సన్నటి ధార ఒకటి జారుతోంది. దాని కింద గుండం.

చుట్టూ ఉండాల్సిన నీళ్లన్నీ ఇంకిపోయి, నడుమ కల్లమంత మడుగు మిగిలింది. నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. అంచుల వెంబడి వరద తెచ్చి పడేసిన చెత్త గుట్టలు గుట్టలుగా పేరుకుంది. విరిగిన వెదుళ్లు, వేళ్లతో సహా కొట్టుకొచ్చిన చెట్లు, ఏదో దుప్పి కొమ్ముల పుర్రె. ఎండిన బురద, చచ్చిన చేపల కంపు.

"నడుమ ఇంకా లోతున్నది," అన్నాడు భీమయ్య. "వెదురు నిలువునా దించినా అందలే నాకు. అంచుల పొంటి చూడుండ్రి."

హైమా, జంపక్కా ఒకవైపు దుంగల కింద చేతులు పెట్టి వెతకసాగారు. భీమయ్య బండ కిందున్న గూడులో కర్రతో కెలుకుతున్నాడు. చెంచురామయ్య అవతలి వైపుకి వెళ్లాడు. చాలాసేపు గడిచింది. హైమ గోళ్లలో బురద ఇరుక్కుని వేళ్లు మండుతున్నాయి. నడుం పట్టేసి ఒకసారి నిటారుగా లేచింది.

అవతలి ఒడ్డున మామగారు గొంతుకూర్చుని ఉన్నాడు. చేతిలో ఏదో పొడుగ్గా ఉంది. గోధుమరంగు కట్టెలా ఉన్నదాన్ని కండువాతో తుడుస్తున్నాడు. తుడిచేకొద్దీ దాని మీద ఒకచోట తెల్లగా మెరిసింది. లోహం మెరుపు. చిన్న పట్టీ, దానికి వరసగా మరలు.

అదేమిటో ఆమెకు వెంటనే తెలిసింది. పెళ్లికి ముందు వెంకటప్పయ్య మోటారుసైకిలు మీద నుంచి పడితే కాలి ఎముక రెండు ముక్కలైంది. బెజవాడలో ఆపరేషను చేసి స్టీలు పట్టీ వేశారు. అప్పుడు మంచం పక్కన కదలకుండా కూర్చున్నది తండ్రే. చలికాలం రాత్రిళ్లు ఆ కాలు సలిపితే హైమే వేడినీళ్ల కాపడం పెట్టేది.

చెంచురామయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. మోకాలి మీద పెట్టుకున్నాడు. పసిబిడ్డ కాలు నిమిరినట్టు ఒకసారి నిమిరాడు. ఆ తర్వాత భీమయ్య వైపు చూశాడు, భీమయ్య వీపు ఆయనకేసి ఉంది. దాన్ని నీళ్ల మీదికి చాచి వదిలేశాడు. చప్పుడు కూడా కాలేదు.

చేతులు కడుక్కుని, కండువా దులిపి వేసుకుని ఆయన ఇటు వచ్చాడు. "ఆ వైపు ఏం లేదమ్మా. చెప్పానుగా. ఇంక పోదాం పదండి, ఎండెక్కుతోంది."

"మీరు నీళ్లల్లో వేసిందేంది మావయ్యా?"

"ఏదో కట్టె."

"కట్టెకు మరలుంటయా?"

ఆయన మొహం పాలిపోయింది. ఆరిన చేతుల్నే మళ్లీ కండువాకు తుడుచుకున్నాడు. భీమయ్య గూడులోంచి బయటికొచ్చాడు. హైమ అతని వైపు తిరిగింది.

"భీమయ్యా, అక్కడ లోతుల ఒక ఎముక పడ్డది. నా భర్తది. తీసిస్తవా?"

భీమయ్య నీళ్ల వైపూ, పెద్దాయన వైపూ చూశాడు. జరిగిందేమిటో అతనికి తెలిసిపోయింది. దవడలు బిగుసుకున్నాయి. "నాకు ఈత రాదమ్మా," అన్నాడు. "మా గూడెంల ఎవరికీ రాదు. వాగుల మోకాలి లోతు నీళ్లే మేం చూసేది."

హైమకు వచ్చు. పాలేరు చెరువులో మగపిల్లలతో పోటీపడి ఈదిన పిల్ల. చీర కుచ్చిళ్లు గోచీ పోసి బిగించింది. జంపక్క కొంగు పట్టుకుని లాగింది. ఆ కొంగు విదిలించుకుని నీళ్లలోకి దిగింది.

నీళ్లు చల్లగా కొరికాయి. రెండు అడుగులు వేసేసరికి కాళ్ల కింద నేల లేదు. ఊపిరి పీల్చి మునిగింది. కింద ఏమీ కనబడలేదు. చేతులకు చిక్కనైన బురద తగిలింది, ఆకులు తగిలాయి, ఇంకేదో మెత్తగా జారిపోయింది. పైకొచ్చింది. మళ్లీ మునిగింది. ఈసారి ఇంకా లోతుకు పోయింది. చెవులు గడియ పెట్టినట్టయ్యాయి. వేళ్లకు దొరికింది రాయి. మళ్లీ పైకొచ్చేసరికి ఒడ్డున మామగారు అరుస్తున్నాడు.

"వద్దమ్మా! రా తల్లీ! పైకి రా!"

ఆమె వినిపించుకోలేదు. మూడోసారి మునిగినప్పుడు అడుగు బురదలో మోచేతుల దాకా దిగబడింది. అక్కడ చప్పుడు లేదు. ఎవరూ ఏమీ అడగరు. బొట్టు పెట్టేముందు ఎవరూ ఆగరు. రొమ్ములో గాలి అయిపోయినా ఆమెకు తొందర అనిపించలేదు. అతను ఇక్కడే ఉన్నాడు, నేనూ ఇక్కడే ఉంటే ఏమైంది అనిపించింది. ఆ ఆలోచన ఎంత సుఖంగా ఉందంటే, దానికే భయపడి ఆమె కాళ్లు తన్నుకుంది.

తల పైకి తేలేసరికి చెంచురామయ్య రొమ్ము లోతు నీళ్లలో ఉన్నాడు. ఈత రాని మనిషి. చేతులు చాచి గాల్లో తడుముతూ, గొంతు చీరుకుపోయేలా అరుస్తున్నాడు.

"వాడిదే! వాడి కాలే అది! నేనే పారేశాను! వాడు చచ్చిపోయాడమ్మా, చచ్చిపోయాడు! నువ్వు రా, నువ్వన్నా బయటికి రా తల్లీ!"

ఆ అరుపు రెండు గుట్టలకూ కొట్టుకుని తిరిగొచ్చింది. పైన తేనెపట్లు ఒక్కసారి రొద పెట్టి మళ్లీ సద్దుమణిగాయి. భీమయ్య వెదురు కర్ర చాచాడు. హైమ దాన్ని పట్టుకుని, రెండో చేత్తో మామగారి కండువా పట్టుకుని ఒడ్డుకొచ్చింది. చేతిలో ఏమీ లేదు.

ఆయన రాళ్ల మీద బోర్లాపడి ఏడ్చాడు. ఇన్నాళ్లూ ఏడవనిదంతా ఏడ్చాడు. హైమకు ఏడుపు రాలేదు. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయంతే.

ఏడుపు తగ్గాక ఆయనే లేచి చోటు చూపించాడు. భీమయ్య అక్కడ అడ్డంపడ్డ దుంగను గొడ్డలితో నరికి తొలగించాడు. దాని కింద పక్కటెముకలు కొన్ని, ఒక చేతి ఎముక, నీళ్లకు నాని రంగుపోయిన చొక్కా పేలిక. తల దొరకలేదు, గొలుసు దొరకలేదు. దొరికినవాటిని చెంచురామయ్య తన కండువాలో తనే మూటకట్టాడు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"ఆ కాలు ఉంటే నమ్మేటోళ్లు," అన్నాడు భీమయ్య. కోపంగా కూడా అనలేదు. "ఇయ్యి ఎవరియైనా అంటరు. మేమే తెచ్చి పెట్టినమన్నా అంటరు."

చెంచురామయ్య తల ఎత్తలేదు. "నేను చెప్తాను," అన్నాడు.

చెప్పాడు కూడా. తిరుగుదారిలోనే ఠాణాకు వెళ్లి, కొడుకు వరదలో పోయాడనీ, గూడెం వాళ్ల మీద తను చెప్పింది అబద్ధమనీ రాయించాడు. అధికారి మూట వైపు చూసి, "మీవాడేనని ఆనవాలేంటి పెద్దాయనా?" అన్నాడు.

"నేనే ఆనవాలు. కన్న తండ్రిని," అన్నాడు చెంచురామయ్య. అధికారి రాసుకున్నాడు, నమ్మినట్టు మాత్రం కనబడలేదు. గుమ్మం బయట నిలబడ్డ భీమయ్య ఆ మొహం చూసి గూడెం దారి పట్టాడు. జంపక్క మాత్రం ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది.

ఇంటి దగ్గర పద్మావతమ్మ మూటను గడప దాటనివ్వలేదు.

"ఎవడి ఎముకలు తెచ్చి నా కొడుకంటున్నారు?"

"కాలికి పట్టీ ఉందే. నా చేతుల్తో తుడిచాను."

"ఏదీ, చూపించండి."

"నీళ్లలో పారేశాను."

ఆమె భర్త వైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "కొడుకు ఆనవాలు దొరికితే ఏ తండ్రన్నా పారేస్తాడా?" తర్వాత కోడలి వైపు తిరిగింది. "నువ్వే ఆయనకి ఎక్కించావు. నీకు వాడు పోవాలి. అది నాకు ఎప్పటినుంచో తెలుసు."

హైమ గడప బయటే కూర్చుండిపోయింది. ఆ మాటలో సగం నిజమేనని ఆమెకు తెలుసు.

ఊళ్లో పెద్దలు కూడా అటూ ఇటూ మాట్లాడారు. తల లేదు, గొలుసు లేదు, ఇంకొన్నాళ్లు చూడమన్నారు. చెంచురామయ్య ఎవరి మాటా వినలేదు. మూట తీసుకుని, హైమను వెంటబెట్టుకుని భద్రాచలం వెళ్లాడు. గోదావరి ఒడ్డున కట్టెలు పేర్చి కాల్చారు. బూడిద నీళ్లలో కలిపేటప్పుడు బ్రాహ్మడు పోయినవాడి పేరు చెప్పమంటే ఆయన నోరు తెరిచి, పేరు పలకలేక ఊరుకున్నాడు. హైమే చెప్పింది. మూడుసార్లు చెప్పించారు. మూడోసారి చెప్పేటప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. తండ్రి వయసు మనిషి పక్కన, నడుముల్లోతు నీళ్లలో నిలబడి, భర్త కోసం మొదటిసారి భార్యలా ఏడ్చింది.

భద్రాచలం రోడ్డు స్టేషన్లో పాసింజరు ఎక్కారు. పెట్టెలో బొగ్గుపొడి, చెమట వాసన. ఆమె కారేపల్లిలో దిగదని ఇద్దరికీ తెలుసు. పుట్టింటికి తీసుకెళ్లడానికి డోర్నకల్లో అన్న ఎదురుచూస్తుంటాడు.

"అమ్మాయ్," అన్నాడు ఆయన హఠాత్తుగా. "ఆ రోజు మూడోసారి మునిగినప్పుడు... ఎముక కోసమేనా?"

హైమ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"మొదట అందుకే మావయ్యా. తర్వాత తెలవదు."

ఆయన తల ఊపాడు. "మీ అత్తయ్యకి నేను చెప్తూనే ఉంటాను. నమ్మదు. నమ్మితే ఆవిడ బతకదు కూడాను." కొంచెం ఆగి, "నువ్వు రావద్దు. నేను పిలిచినా రావద్దు," అన్నాడు.

కారేపల్లిలో బండి ఆగింది. ఆయన కుంటుతూ దిగాడు, మోకాలి గాయం ఇంకా మానలేదు. ప్లాట్‌ఫారం మీద జనం ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఆయన మాత్రం బయటికి నడవలేదు. వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద, ఇంకో బండి కోసం వచ్చినవాడిలా కూర్చున్నాడు. బండి కదిలింది. హైమ కిటికీ ఊచలకు మొహం ఆనించి చూసింది. బొగ్గు వ్యాగన్లు అడ్డం వచ్చేదాకా ఆయన అక్కడే, అలాగే ఉన్నాడు.